వార్మర్ వచ్చింది సరే, ప్రోబ్ ఏది?

సంపాదకులకు నమస్కారం.

ఫలానా ఆసుపత్రికి లక్షల విలువైన నవజాత శిశు పరికరాలు వచ్చాయని, ఫలానా వారు ప్రారంభించారని జిల్లా పేజీల్లో తరచూ చదువుతుంటాం. ఫొటోలో రిబ్బను ఉంటుంది, పూలదండ వేసిన వార్మర్, అంటే పుట్టిన బిడ్డను వెచ్చగా ఉంచే హీటర్ బల్ల, ఉంటుంది. ఆ వార్మర్ పక్కన వేలాడాల్సిన, బిడ్డ ఒంటి వేడి కొలిచే ప్రోబ్ అనే సన్నటి తీగ ఉందో లేదో ఫొటోలో కనబడదు, వార్తలో ఎవరూ రాయరు. కాన్పు గదిలో బిడ్డ బతకడం చాలాసార్లు ఆ తీగ మీద, డ్రాయర్లో ఉండాల్సిన సున్నా నంబరు మాస్కు మీద ఆధారపడి ఉంటుంది. కొత్త పరికరాలు వద్దనేవాళ్లం కాదు మేము, వాటితోనే రోజూ మా పని. ఏ పరికరం ఎందుకు, అది ఎక్కడ మొరాయిస్తుంది, కొనేటప్పుడు దాంతోపాటు ఇంకేం కొనాలి అన్నది కొనేవాళ్లకూ, వార్త రాసేవాళ్లకూ, బిడ్డల తల్లిదండ్రులకూ తెలిస్తే మంచిదని ఈ ఉత్తరం. కాస్త పొడుగైంది, మన్నించాలి.

పుట్టిన వందమందిలో దాదాపు 85 మంది ఎవరి సాయమూ లేకుండా ఊపిరి తీసుకుంటారు. మరో పదిమంది ఒళ్లు తుడిచి, వీపు రుద్దితే అందుకుంటారు. మిగిలిన అయిదుగురికి మాస్కు పెట్టి గాలి ఇవ్వాలి. వాళ్లలో గొంతులో గొట్టం వేయాల్సి వచ్చేది ఇద్దరికి. గుండె నొక్కడం, అడ్రినలిన్ ఇవ్వడం దాకా పోయేది వెయ్యిమందిలో ఒక్కరు. ఆ అయిదుగురికి గాలి మొదటి నిమిషం దాటకుండా మొదలవ్వాలి. గోల్డెన్ మినిట్ అనేది దాన్నే. 2020 ఎస్‌ఆర్‌ఎస్ (కేంద్రం జరిపే జనన మరణాల నమూనా సర్వే) లెక్కల ప్రకారం మన దేశంలో ప్రతి వెయ్యి జననాలకు 20 మంది శిశువులు 28 రోజులు నిండకుండానే పోయారు. 2030 నాటికి దీన్ని ఒక అంకెలోకి దించాలని 2014లోనే కేంద్రం ప్రణాళిక వేసుకుంది. పై లెక్క చూస్తే డబ్బు ఎక్కడ పెట్టాలో తెలిసిపోతుంది: వెంటిలేటర్ అవసరమయ్యే ఒకరిద్దరికంటే, తుడిచి వెచ్చగా ఉంచి మాస్కుతో గాలి ఇస్తే చాలిన బిడ్డలే ఎన్నో రెట్లు ఎక్కువ.

ముందు వేడి సంగతి. తల్లి కడుపులో 37 డిగ్రీల పైన ఉన్న బిడ్డ తడి ఒంటితో బయటికి వస్తుంది. ఒంటిమీది ఉమ్మనీరు ఆవిరవుతూ వేడిని లాగేస్తుంది. చల్లటి గదిలో చర్మం ఉష్ణోగ్రత నిమిషానికి 0.3 డిగ్రీల దాకా, లోపలి ఉష్ణోగ్రత 0.1 డిగ్రీ దాకా పడిపోగలదు. తక్కువ బరువు బిడ్డల మీద అమెరికాలో జరిగిన ఒక పెద్ద పరిశీలనలో, వార్డులో చేర్చే సమయానికి ఒంటి ఉష్ణోగ్రత ఒక్కో డిగ్రీ తగ్గినకొద్దీ మరణాలు 28 శాతం చొప్పున పెరిగాయి. కాన్పు గది కనీసం 25 డిగ్రీలు ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పేది ఇందుకే. మన దగ్గర ఆపరేషన్ థియేటర్లో ఏసీ 20 దగ్గర పెట్టి, ఆ చల్లగాలి సూటిగా తగిలేచోట వార్మర్ నిలబెడతారు. సిజేరియన్ బిడ్డలు వణుకు కూడా రాని వయసులో చల్లబడిపోవడానికి ఇదొక్కటి చాలు. వార్మర్‌ను నాలుగడుగులు పక్కకు జరపడానికి టెండరు అక్కర్లేదు.

ఇక ఆ వార్మర్. పైన హీటర్, కింద పరుపు, పక్కన డిస్‌ప్లే. దానికి రెండు పద్ధతులు: మాన్యువల్, స్కిన్. మాన్యువల్ మోడ్‌లో మనం పెట్టిన శాతం ప్రకారం హీటర్ కాలుతూనే ఉంటుంది. కింద బిడ్డ ఉందో లేదో, ఎంత వేడెక్కిందో దానికి తెలియదు. స్కిన్ మోడ్‌లో ప్రోబ్ అనే తీగ బిడ్డ చర్మాన్ని చదివి చెబుతుంది, దాన్నిబట్టి మెషీన్ వేడిని తగ్గించుకుంటుంది, పెంచుకుంటుంది. 36.5 దగ్గర సెట్ చేస్తే అక్కడే నిలబెడుతుంది. మెషీన్‌లో తెలివంతా ఆ తీగలోనే ఉంది.

కాన్పుకు 20 నుంచి 30 నిమిషాల ముందే వార్మర్ ఆన్ చేసి, మాన్యువల్‌లో పూర్తి వేడిలో పెట్టాలి. పరుపు, రెండు మెత్తటి పొడి గుడ్డలు దాని కింద వెచ్చబడాలి. బిడ్డను మొదటి గుడ్డతో తుడిచి, ఆ తడిసిన గుడ్డ తీసి పారేసి, రెండో గుడ్డ మీదికి మార్చాలి. తడి గుడ్డలోనే చుట్టి ఉంచడం మేం ఇప్పటికీ చూస్తున్న తప్పు. తడిసిన గుడ్డ చుట్టిన బిడ్డకు పైన వార్మర్ కాలుతున్నా ఒళ్లు చల్లగానే ఉంటుంది. కొన్ని నిమిషాలకు మించి బిడ్డ వార్మర్ మీద ఉండాల్సి వస్తే ప్రోబ్ పెట్టి స్కిన్ మోడ్‌కు మార్చాలి. ప్రోబ్‌ను కుడివైపు పక్కటెముకల కింద, కాలేయం ఉండే చోట అంటించాలి. ఎముక మీద పెట్టకూడదు. ఒంటిమీది తెల్లటి జిడ్డు, తడి ఉన్నచోట టేపు నిలవదు కాబట్టి అక్కడ తుడిచి, పైన వెండిరంగు రేకు బిళ్ల అంటించాలి. ఆ రేకు లేకపోతే పైనుంచి పడే హీటర్ వేడిని ప్రోబ్ బిడ్డ వేడి అనుకుంటుంది.

తప్పు జరిగేది ఇక్కడే. ప్రోబ్ ఊడి పరుపు మీద పడితే అది గది గాలిని చదువుతుంది. బిడ్డ 30 డిగ్రీలకు చల్లబడిందనుకుని మెషీన్ పూర్తి వేడి ఇస్తుంది, కింద బిడ్డ ఒళ్లు కాలిపోతుంది. ప్రోబ్ బిడ్డ వీపుకింద నలిగితే సరిగ్గా తిరగబడుతుంది: ఎక్కువ వేడి చూపించి హీటర్ ఆపేస్తుంది, బిడ్డ చల్లబడుతుంది. తీగను లాగి లాగి, డ్రాయర్లో మెలికలు పెట్టి కుక్కితే లోపల తెగుతుంది. అప్పుడు డిస్‌ప్లే మీద ప్రోబ్ ఎర్రర్ వస్తుంది. కొత్త ప్రోబ్ స్టోర్‌లో లేదు, ఇండెంట్ పెట్టి చాలాకాలమైంది. సిస్టర్ ఏం చేస్తుంది? మాన్యువల్‌కు మారుస్తుంది. చాలా మోడళ్లలో మాన్యువల్ మోడ్ పావుగంటకోసారి అలారం కొట్టి, ఎవరూ నొక్కకపోతే వేడి తగ్గించేస్తుంది. అది బిడ్డను వెళ్లి చూడమని మెషీన్ చేసే హెచ్చరిక. ముగ్గురు తల్లుల్ని ఒక్కరే చూసుకునే రాత్రి డ్యూటీలో అది మ్యూట్ నొక్కాల్సిన మోతగా మారిపోతుంది. లక్షన్నర పెట్టినా మూడు లక్షలు పెట్టినా, ప్రోబ్ పోయిన వార్మర్ చివరికి గది హీటర్‌తో సమానం. ఏనుగును కొన్నవాడు అంకుశం దగ్గర వెనకాడినట్టుంది మన కొనుగోళ్ల తీరు.

నెలలు నిండని బిడ్డల విషయంలో అన్నిటికంటే చవకైన పరికరం ప్లాస్టిక్ సంచి. 32 వారాల లోపు పుట్టినవాళ్లను తుడవకుండానే మెడదాకా శుభ్రమైన పాలిథిన్ సంచిలో పెట్టి, తలకు టోపీ వేసి వార్మర్ కింద ఉంచితే తడి ఆవిరి కాదు, వేడి పోదు. సంచి పైనుంచే గుండె వినొచ్చు, బొడ్డు దగ్గర చిన్న రంధ్రం చేసి సెలైన్ పెట్టొచ్చు. దీనికి ప్రారంభోత్సవం జరగదు గనుక చాలా లేబర్ రూముల్లో కనబడదు.

ఇప్పుడు గాలి. చేత్తో నొక్కి మాస్కులోంచి గాలి ఇచ్చే సంచి ఇది, అందరూ అంబూ బ్యాగ్ అంటారు. శిశువుకు వాడాల్సింది 250 మిల్లీలీటర్ల దగ్గరది. పెద్దవాళ్ల బ్యాగ్ ఎట్టి పరిస్థితుల్లోనూ పనికిరాదు. మూడు కిలోల బిడ్డ ఒక్కో ఊపిరికి తీసుకునేది 12 నుంచి 18 మిల్లీలీటర్లు. అంటే రెండువేళ్లతో మెల్లగా నొక్కితే సరిపోతుంది, పిడికిలితో పిండితే ఊపిరితిత్తి చిట్లుతుంది. దాన్ని ఆపడానికే బ్యాగ్ మీద పాప్-ఆఫ్ వాల్వ్ ఉంటుంది. 30 నుంచి 40 సెంటీమీటర్ల నీటి పీడనం దగ్గర తెరుచుకుని మిగతా గాలిని బయటికి వదిలేస్తుంది.

ఈ బ్యాగును పరీక్షించడానికి అర నిమిషం చాలు. మాస్కు తగిలించే మూతిని అరచేత్తో గట్టిగా మూసి నొక్కాలి. చేతికి పీడనం తగలాలి, పాప్-ఆఫ్ వాల్వ్ బుస్సుమని తెరుచుకోవాలి. వదిలితే సంచి వెంటనే తిరిగి ఉబ్బాలి. నొక్కినా చేతికేం తగలకపోతే లోపల వాల్వ్ లేదన్నమాట, లేదా తిరగేసి బిగించారు. కడిగి ఆరబెట్టి మళ్లీ బిగించేటప్పుడు బాతుముక్కు ఆకారపు ఆ చిన్న రబ్బరు బిళ్ల పోవడం, తలకిందులుగా కూర్చోవడం సర్వసాధారణం. చూడ్డానికి బ్యాగ్ బ్రహ్మాండంగా ఉంటుంది, నొక్కితే శబ్దమూ వస్తుంది, బిడ్డలోకి మాత్రం ఏమీ పోదు. ఇది తెలిసేది బిడ్డ నీలబడ్డాక అయితే ఆ నిమిషం తిరిగి రాదు. అందుకే కడిగి బిగించినవాళ్లే పరీక్షించి పెట్టాలి, డ్యూటీ మారిన ప్రతిసారీ వచ్చినవాళ్లు మళ్లీ నొక్కి చూడాలి. సిలికాన్ బ్యాగును ఆటోక్లేవ్ చేయొచ్చు (వేడి ఆవిరితో క్రిములు చంపొచ్చు), పీవీసీ బ్యాగును చేస్తే కరిగి వంకర్లు పోతుంది. రెండూ ఒకే బుట్టలో ఉంటాయి.

మాస్కుల్లో నిండు నెలల బిడ్డకు 1, నెలలు నిండని బిడ్డకు 0. గడ్డం, నోరు, ముక్కు కప్పాలి, కళ్ల మీదికి రాకూడదు. బొటనవేలు, చూపుడువేలితో మాస్కును అదిమి, మిగతా మూడు వేళ్లతో దవడను పైకెత్తాలి. భుజాల కింద ఒక అంగుళం మందాన గుడ్డ మడత పెడితే మెడ సరిగ్గా నిలుస్తుంది. మరీ వెనక్కి వంచినా, ముందుకు వంగినా గొంతు మూసుకుపోతుంది. నిమిషానికి 40 నుంచి 60 సార్లు. ఛాతీ లేస్తోందా అన్నది చూడాలి. లేవకపోతే ముందు మాస్కు సర్దాలి, తల స్థానం మార్చాలి, నోట్లో అడ్డం ఉంటే తీయాలి, నోరు కాస్త తెరిచి ఉంచాలి, ఆ తర్వాతే పీడనం పెంచాలి. ఈ వరుస తలకిందులై, మాస్కు పక్కనుంచి గాలి పోతుంటే మరింత గట్టిగా పిండడం శిక్షణ లేనివాళ్ల లక్షణం. ఆక్సిజన్ గొట్టం తగిలించకపోతే బ్యాగ్ ఇచ్చేది మామూలు గాలి, అంటే 21 శాతం. తగిలించి వెనక రిజర్వాయర్ (ఆక్సిజన్ నిలవ ఉండే సంచి) లేకపోతే దాదాపు 40. రిజర్వాయర్ కూడా ఉంటే 90 నుంచి 100.

ఇప్పుడు కొత్తగా వస్తున్నది, సంచి బదులు గ్యాస్ గొట్టంతో ఊపిరి ఇచ్చే టీ-పీస్ రిససిటేటర్. బ్యాగ్ ఇవ్వలేనిది ఇది ఒకటి ఇస్తుంది: ఊపిరి వదిలినప్పుడు కూడా ఊపిరితిత్తిలో కాస్త పీడనం నిలిపి ఉంచుతుంది, దాన్నే పీప్ అంటారు. నెలలు నిండని బిడ్డల ఊపిరితిత్తులు వదిలిన ప్రతిసారీ అంటుకుపోతాయి. 5 సెంటీమీటర్ల పీప్ ఉంటే అంటుకోవు. సాధారణంగా పై పీడనం 20 నుంచి 25, పీప్ 5, ఫ్లో నిమిషానికి 8 నుంచి 10 లీటర్లు పెడతాం. మూతిమీది రంధ్రాన్ని బొటనవేలితో మూస్తే ఊపిరి లోపలికి, తీస్తే బయటికి. ప్రతి ఊపిరీ ఒకే పీడనంతో వెళ్తుంది, చెయ్యి అలసిపోదు. నిజంగా మంచి పరికరం.

దాంతో వచ్చే చిక్కేమిటంటే, బ్యాగ్ తనంతట తాను ఉబ్బుతుంది, టీ-పీస్‌కు బయటినుంచి గ్యాస్ రావాలి. సిలిండర్ అయిపోయిన క్షణం అది పనిచేయదు. అందువల్ల టీ-పీస్ ఎంత ఖరీదైనదైనా పక్కన బ్యాగ్, మాస్కు ఉండి తీరాలి. రెండోది, ఇది ఎక్కువమందికి తోచని సంగతి: కంప్రెస్డ్ ఎయిర్ లైన్, గాలినీ ఆక్సిజన్‌నూ కలిపే బ్లెండర్ లేని గదిలో టీ-పీస్ పెడితే అది ప్రతి బిడ్డకూ 100 శాతం ఆక్సిజనే ఇస్తుంది. పరికరం ఒక టెండర్లో, బ్లెండర్ మరో టెండర్లో, ఎయిర్ కంప్రెసర్ ఇంకో బడ్జెట్లో ఉంటే మధ్యలో నష్టపోయేది బిడ్డ. మూడోది, ఫ్లో 10 నుంచి 15కు పెంచితే పీప్ కూడా పెరిగిపోతుంది, ఆ సంగతి గేజీ చూస్తే తప్ప తెలియదు.

ఆక్సిజన్ ఎక్కువైతే ఏమవుతుందని అడిగేవాళ్లు డాక్టర్లలోనూ ఉన్నారు. నెలలు నిండని బిడ్డ కంటి వెనక పొరలో రక్తనాళాలు ఇంకా పెరుగుతూ ఉంటాయి. ఎక్కువ ఆక్సిజన్ వాటిని దారి తప్పిస్తుంది. రెటినోపతీ ఆఫ్ ప్రీమెచ్యూరిటీ అనే ఆ జబ్బుకు సమయానికి లేజర్ చేయకపోతే చూపు శాశ్వతంగా పోతుంది. హైదరాబాద్, సికింద్రాబాద్ జంటనగరాల్లో ఎల్వీ ప్రసాద్ కంటి ఆసుపత్రి 1990ల చివర్లోనే నవజాత శిశు వార్డులకు వెళ్లి కళ్లు పరీక్షించే కార్యక్రమం మొదలుపెట్టింది. తమిళనాడులో పుట్టిన ఒక పాపకు ఈ పరీక్ష చేయించమని చెప్పని కారణంగా చూపు పోతే, 2015లో సుప్రీంకోర్టు కోటి రూపాయలకు పైగా పరిహారం వేసింది.

కనుక పల్స్ ఆక్సీమీటర్ లేకుండా ఆక్సిజన్ ఇవ్వడం కళ్లు మూసుకుని మందు పోయడమే. 35 వారాలు నిండిన బిడ్డకు మామూలు గాలితోనే మొదలుపెట్టాలి, అంతకు తక్కువైతే 21 నుంచి 30 శాతంతో. ఆక్సీమీటర్ ప్రోబ్‌ను కుడి చేతికో మణికట్టుకో కట్టాలి; మెదడుకు వెళ్లే రక్తంలో ఎంత ఆక్సిజన్ ఉందో చెప్పేది ఆ చెయ్యే, కాలు కాదు. ముందు బిడ్డకు తగిలించి ఆ తర్వాత మెషీన్‌కు కలిపితే అంకె త్వరగా వస్తుంది. పుట్టగానే 95 ఉండాలనుకోవడం పెద్ద అపోహ. ఆరోగ్యంగా ఉన్న బిడ్డకు కూడా మొదటి నిమిషంలో 60 నుంచి 65, రెండో నిమిషంలో 65 నుంచి 70, మూడో నిమిషంలో 70 నుంచి 75, అయిదో నిమిషానికి 80 నుంచి 85, పదో నిమిషానికి 85 నుంచి 95. ఈ అంకెలు పెద్ద అక్షరాల్లో వార్మర్ ఎదుటి గోడకు అంటించి ఉండాలి. కంగారులో ఎవరికీ గుర్తుండవు. పెద్దవాళ్ల వేలికి తగిలించే క్లిప్ ఆక్సీమీటర్ శిశువు మీద పనిచేయదు, కోవిడ్ కాలంలో మిగిలిపోయిన వాటిని లేబర్ రూమ్‌కు సర్దడం వృథా.

సక్షన్, అంటే నోట్లో ముక్కులో చేరినదాన్ని గొట్టంతో పీల్చేయడం, గురించి రెండు మాటలు చాలు. ఏడుస్తున్న బిడ్డ నోట్లో గొట్టం పెట్టాల్సిన పనిలేదు. గొంతు వెనక గొట్టం తగిలితే గుండె వేగం పడిపోతుంది. ఉమ్మనీటిలో మలం కలిసి బిడ్డ నీరసంగా ఉన్నా సరే, గొంతులో గొట్టం వేసి పీల్చే పాత పద్ధతిని అందరికీ చేయొద్దని 2015 నుంచే మార్గదర్శకాలు చెబుతున్నాయి. అవసరమైతే ముందు నోరు, తర్వాత ముక్కు, పీడనం 80 నుంచి 100 మిల్లీమీటర్ల పాదరసం దాటకూడదు. గేజీ ముల్లు పనిచేయని సక్షన్ మెషీన్ లేనట్టే లెక్క.

గుండె వేగం తెలుసుకోవడానికి ఇప్పుడు నియోబీట్ వంటి చిన్న పరికరాలు వచ్చాయి. సగం విరిగిన చేతిగాజులా ఉండే ఆ ముక్కను బిడ్డ పొట్టకు అడ్డంగా పెడితే చాలు, జెల్లీ, స్టిక్కర్లు లేకుండానే కొన్ని సెకన్లలో అంకె చూపిస్తుంది. దానివల్ల నిజమైన లాభం, ఒంటరిగా ఉన్న స్టాఫ్ నర్సు చేతులు మాస్కు మీదే ఉండటం. స్టెతస్కోప్ పెట్టి ఆరు సెకన్లు లెక్కబెట్టి పదితో హెచ్చించాలంటే గాలి ఇవ్వడం ఆపాలి. మాస్కుతో ఛాతీ లేచేలా అర నిమిషం గాలి అందాక కూడా గుండె వేగం నిమిషానికి 60 లోపే ఉంటేనే గుండె నొక్కడం: మూడు నొక్కులకు ఒక ఊపిరి, నిమిషానికి 90 నొక్కులు, 30 ఊపిరులు. అడ్రినలిన్ మన దగ్గర దొరికే ఆంపుల్ వెయ్యికి ఒకటి బలంది. ఒక మిల్లీలీటరుకు తొమ్మిది మిల్లీలీటర్ల సెలైన్ కలిపి పది చేసుకుని, అందులోంచి నరంలోకి కిలోకు 0.1 నుంచి 0.3 మిల్లీలీటర్లు ఇవ్వాలి. ఆ క్షణంలో ఎవరూ లెక్క కట్టలేరు, లేబుల్ మీద ముందే రాసి ఉండాలి.

బొడ్డుతాడు కత్తిరించడం కూడా ఇప్పుడు పరికరాల చర్చలోకి వచ్చింది. కనీసం ఒక నిమిషం ఆగి కత్తిరిస్తే మాయలోని రక్తం బిడ్డలోకి వస్తుంది, రక్తహీనత తగ్గుతుంది. నెలలు నిండని బిడ్డల మీద 2023లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చిన పెద్ద విశ్లేషణ, ఆలస్యంగా కత్తిరించడం వల్ల మరణాలు దాదాపు మూడోవంతు తగ్గుతున్నాయని చూపింది. ఊపిరి తీసుకోని బిడ్డ విషయంలోనే ఇబ్బంది: వార్మర్ గోడవైపు ఉంటుంది, తాడు కోయకుండా అక్కడికి తీసుకెళ్లలేం. బ్రిటన్‌లో లైఫ్‌స్టార్ట్, నెదర్లాండ్స్‌లో కాంకర్డ్ అని తల్లి మంచం పక్కకే తోసుకొచ్చే బల్లలు తయారుచేశారు. మన వార్మర్లకూ చక్రాలున్నాయి. కాన్పు బల్లకు అటూ ఇటూ ప్లగ్ పాయింటు, ఆక్సిజన్ పాయింటు ఉంటే అవి కదులుతాయి. ఒకే గోడకు ఉంటే కదలవు. కొత్త లేబర్ రూమ్‌ల ప్లాన్ గీసే ఇంజనీర్లు ఒక్కసారి సిస్టర్లను అడిగితే బాగుండు. తాడులోని రక్తాన్ని బిడ్డవైపు పిండడం మాత్రం 28 వారాల లోపు వాళ్లకు చేయకూడదు, మెదడులో రక్తస్రావం అవుతుంది.

ఊపిరి మొదలయ్యాక కూడా ఆయాసపడే నెలలు నిండని బిడ్డకు సీప్యాప్, అంటే ముక్కులోంచి ఆగకుండా కాస్త పీడనంతో గాలి, కావాలి. బబుల్ సీప్యాప్ సూత్రం చాలా సులువు: ఊపిరి బయటికొచ్చే గొట్టాన్ని సీసా నీళ్లలో 5 సెంటీమీటర్ల లోతున ముంచితే బిడ్డకు అందే పీడనం 5. బుడగలు ఆగిపోయాయంటే ఎక్కడో లీక్, ఎక్కువగా ముక్కు దగ్గరో తెరిచిన నోటి దగ్గరో. గొట్టంలో నీటి ఆవిరి చేరి మలుపులో నిలిస్తే పీడనం మనం అనుకున్నదానికంటే పెరుగుతుంది. ముక్కులో పెట్టే ప్రాంగ్ (చిన్న గొట్టం) బిగుతుగా ఉంటే రెండు మూడు రోజుల్లో ముక్కు మధ్య పొర చచ్చిపోవచ్చు. బెంగళూరులో రూపొందిన సాన్స్ అనే పరికరం కరెంటు, కంప్రెసర్ నిలకడగా లేని చోట్ల, అంబులెన్సులో కూడా సీప్యాప్ ఇచ్చేలా తయారైంది. చిన్న ఆసుపత్రి నుంచి ఎస్‌ఎన్‌సీయూకు (జబ్బుపడ్డ నవజాత శిశువుల ప్రత్యేక విభాగానికి) గంటల ప్రయాణం ఉన్న ఏజెన్సీ ప్రాంతాలకు ఇలాంటివి బాగా పనికొస్తాయి, సరైన సైజు ప్రాంగులు మూడు రకాలూ వెంట ఉంటే.

కొత్తదంతా మంచిదే అనుకోకూడదని చెప్పడానికి హీలిక్స్ పరిశోధన ఒక్కటి చాలు. పుట్టినప్పుడు ఊపిరాడక మెదడు దెబ్బతిన్న బిడ్డను 72 గంటలు 33.5 డిగ్రీల దగ్గర చల్లబరిస్తే మెదడు కోలుకుంటుందన్నది సంపన్న దేశాల్లో నిరూపణ అయిన వైద్యం. అదే వైద్యాన్ని భారత్, శ్రీలంక, బంగ్లాదేశ్‌ల్లోని పెద్ద ఆసుపత్రుల్లో 408 మంది బిడ్డల మీద పరీక్షించారు. 2021లో ఫలితాలు వచ్చాయి: చల్లబరిచినవాళ్లలో 42 శాతం, మామూలుగా చూసినవాళ్లలో 31 శాతం చనిపోయారు. ఆ ఫలితం వచ్చాక కూడా కూలింగ్ మెషీన్ కొన్నామని బోర్డు పెట్టేవాళ్లను ఏమనాలి? అదే 2021లో వచ్చిన మరో పరిశోధన, ఢిల్లీ సహా అయిదు దేశాల ఆసుపత్రుల్లో జరిగింది. కిలో నుంచి 1.8 కిలోల లోపు బిడ్డలను స్థిరపడేదాకా ఆగకుండా పుట్టిన వెంటనే తల్లి ఛాతీకి ఆనించి కంగారూ పద్ధతిలో ఉంచితే మరణాలు 15.7 శాతం నుంచి 12కు దిగాయి. దానికి కావాల్సిన యంత్రం తల్లికి బిడ్డ పక్కనే ఒక మంచం. ఆ మంచానికి ఎన్‌ఐసీయూలో (నవజాత శిశువుల ఐసీయూలో) చోటు దొరకడమే కష్టంగా ఉంది.

కరెంటు మాట ఎత్తకుండా ఉండలేం. ఒక వార్మర్ పూర్తి వేడిలో 600 వాట్లకు పైనే లాగుతుంది. దాన్నీ, సక్షన్‌నూ, కామెర్లకు వాడే ఫొటోథెరపీ దీపాన్నీ ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డుకు గుచ్చితే వైరు వేడెక్కి తీరుతుంది, పైగా అది ఆక్సిజన్ నిండిన గది. 2021 జనవరిలో మహారాష్ట్రలోని భండారాలో, 2024 నవంబరులో ఉత్తరప్రదేశ్‌లోని ఝాన్సీలో నవజాత శిశు వార్డులు కాలి పసికందులు చనిపోయారు. ప్రతి వార్మర్‌కూ విడిగా 15 ఆంపియర్ల సాకెట్, ఎర్తింగ్, వోల్టేజీ ఎగుడుదిగుళ్లకు స్టెబిలైజర్ ఉండాలి. ఎక్స్‌టెన్షన్ బోర్డు ఆ గదుల్లోకి రాకూడదు.

మా విన్నపం కొనేవాళ్లకు. వార్మర్‌కు ఇండెంట్ పెట్టేటప్పుడే ఒక్కోదానికి కనీసం మూడు ప్రోబులు, ఏడాదికి సరిపడా రేకు బిళ్లలు అదే ఆర్డరులో రాయండి. ప్రతి కాన్పు బల్లకూ రెండు బ్యాగులు, రెండు సైజుల మాస్కులు రెండేసి: ఒకటి వాడుతుంటే ఒకటి శుభ్రమవుతుంది. టీ-పీస్ రాస్తే బ్లెండర్, ఎయిర్ కూడా రాయండి. లేకపోతే టీ-పీస్ రాయకండి. నిర్వహణ ఒప్పందంలో ప్రోబ్, బ్యాటరీ, హీటర్ రాడ్ కలిసి ఉన్నాయో లేవో సంతకం పెట్టేముందు చూడండి. చాలా ఒప్పందాల్లో సరిగ్గా తరచూ పాడయ్యే వస్తువులనే కన్స్యూమబుల్ (వాడి పారేసే సరుకు) అని పక్కన పెట్టేస్తారు. శిక్షణ కూడా అంతే. నవజాత శిశు సురక్షా కార్యక్రమం కింద 2009 నుంచి ఇస్తున్న రెండు రోజుల శిక్షణ మంచిదే, కానీ చేతి పని కొన్ని నెలల్లో మరిచిపోతుంది. నీళ్లు నింపే బిడ్డ బొమ్మను లేబర్ రూమ్‌లోనే ఉంచి, వారానికోసారి పది నిమిషాలు మాస్కు పట్టి ఛాతీ లేపి చూసుకుంటే సరిపోతుంది. ఆ బొమ్మలు చాలాచోట్ల పోతాయన్న భయంతో సూపరింటెండెంట్ గది బీరువాలో తాళం వేసి ఉంటాయి.

తల్లిదండ్రులకు ఒక మాట. బిడ్డ పుట్టగానే ఏడవలేదని, గాలి పెట్టామని చెబితే డిశ్చార్జి కాగితంలో నాలుగు సంగతులు రాయించుకోండి: ఎన్నో నిమిషానికి ఊపిరి తీసుకుంది, మాస్కుతో ఎంతసేపు గాలి ఇచ్చారు, ఆక్సిజన్ ఎన్ని రోజులు పెట్టారు, వార్డులో చేర్చినప్పుడు ఉష్ణోగ్రత ఎంత. 34 వారాల లోపు పుట్టినా, రెండు కిలోల లోపు బరువున్నా కంటి పరీక్ష తేదీ అదే కాగితం మీద ఉండాలి, అది పుట్టిన 30 రోజుల లోపే పడాలి. 28 వారాల లోపు పుట్టినా, 1,200 గ్రాముల లోపున్నా ఇంకా ముందే, పుట్టిన రెండు మూడు వారాలకే. బిడ్డ ఇంకా వార్డులోనే ఉన్నా సరే, ఆ తేదీ దాటనివ్వకండి. కంటి డాక్టరు అక్కడికే వచ్చి చూడొచ్చు.

ఇట్లు,
నవజాత శిశు విభాగాల్లో పనిచేస్తున్న కొందరు పిల్లల వైద్యులు, స్టాఫ్ నర్సులు, బయోమెడికల్ ఇంజనీర్లు